రెండో టూబా సంగతి తర్వాత, ముందు నీ మౌత్‌పీస్ ఏది?

గుంటూరులో బ్యాండు నేర్చుకుంటున్న పిల్లలతో ఒక ఆదివారం సాయంత్రం మా మాస్టారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే ఫోన్‌లో రికార్డు చేసింది విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన చెప్పినట్టే ఉంది. టూబా అంటే బ్యాండులో అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాయిద్యం, మౌత్‌పీస్ అంటే దానికి తగిలించి పెదవులు ఆనించి ఊదే చిన్న ముక్క.

కూర్చోండమ్మా, అందరూ కూర్చోండి. వెనక నిలబడ్డ అబ్బాయిలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గించు నాన్నా, నా మాట నాకే వినపడటం లేదు. ఆ, చాలు. నలభై ఏళ్ళు టూబా ఊదినవాడికి ఊపిరి మిగులుతుంది గానీ గొంతు మిగలదు, అందుకని మీరే కాస్త నిశ్శబ్దంగా ఉండాలి.

పోయిన వారం ఒక అబ్బాయి బెజవాడ నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పనులే, నవ్వుతున్నాడు చూడండి. "సార్, నేను రెండో టూబా కొందామనుకుంటున్నా, ఏది కొనమంటారు?" అన్నాడు. నేను ఏమన్నాను? "ముందు నీ మౌత్‌పీస్ ఏది?" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి "బ్యాండుదే సార్, టూబాతో పాటు ఉంటుంది" అన్నాడు. అంటే ఏంటి? మొన్న వాయించినవాడి నోట్లో ఉన్నదే నిన్న వీడి నోట్లో, రేపు ఇంకొకడి నోట్లో. లక్షలు పెట్టి రెండో టూబా కొందామనుకుంటున్న పిల్లాడికి సొంత మౌత్‌పీస్ లేదు! వీడొక్కడి సంగతే కాదు. ఇక్కడ ఎంతమందికి సొంత మౌత్‌పీస్ ఉందో చేతులెత్తండి. ఒకటి, రెండు... నాలుగు. ఇంతమందిలో నలుగురు. సరే, దించండి.

ఈ రోజు నేను చెప్పేది ఒకటే మాట, అటు తిప్పి ఇటు తిప్పి అదే చెబుతాను, విసుక్కోకండి. ముందు మౌత్‌పీస్ కొనుక్కోండి, దాంతో ఆరు నెలలు వాయించండి, ఆ తర్వాత టూబా గురించి ఆలోచించండి. మౌత్‌పీస్ మీ పెదవికి సంబంధించింది, టూబా మీ పనికి సంబంధించింది. పెదవి తెలియకుండా పని ఎంచుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను చేసింది అదే.

చెబుతాను. నాకప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో. చర్చి బ్యాండులో, పెళ్ళి సీజన్‌లో బయట బ్యాండులో వాయిస్తున్నా. నా దగ్గర మూడు వాల్వుల డబుల్ బి ఫ్లాట్ ఉంది, అంటే వేళ్ళతో నొక్కే మీటలు మూడు ఉన్న, అన్నిటికంటే కింది శ్రుతి టూబా, సొట్టలు పడి ఉండేది గానీ బాగా పలికేది. రెండోది కొనాలని పట్టుదల. ఎందుకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పక్క బ్యాండువాడి దగ్గర పెద్దది ఉంది, నాకూ ఉండాలి, అంతే. అమ్మ చేతి గాజులు తాకట్టు పెట్టి, ఉత్తరాదిలో పాత వాయిద్యాలు అమ్మే ఒకాయన దగ్గర ఇంకో డబుల్ బి ఫ్లాటే తెచ్చా. రోటరీ వాల్వులది, మహా పెద్దది, బెల్లు, అంటే స్వరం బయటికొచ్చే వెడల్పు చివర, చూస్తే పెళ్ళి వంటల్లో గుండిగలా ఉండేది. రైల్లో పార్సిల్ వేస్తే గుంటూరు స్టేషన్ దాకా వచ్చింది, అక్కడి నుంచి ఇంటికి ఆటోలో పట్టదు! రిక్షా మాట్లాడుకుని, రిక్షాలో దాన్ని కూర్చోబెట్టి, పక్కన నేను నడుచుకుంటూ కొత్తపేట దాకా వెళ్ళా. దారంతా జనం చూస్తున్నారు. సంబరమనుకున్నా అప్పుడు.

ఇంటికెళ్ళి నా పాత మౌత్‌పీస్ పెడితే సగం లోపలికి దిగబడిపోయి గలగల ఊగుతోంది. ఎందుకు? దాని కాడ, అంటే టూబాలో దిగే చివర, సన్నం, అది దిగే కొత్త టూబా మూతి వెడల్పు. నాకు ఆ సంగతి తెలియదు. సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం చుట్టి బిగించా. ఆ కాగితంతోనే బ్రాడీపేటలో ఒక పెళ్ళి ఊరేగింపులో వాయించా. క్లారినెట్టు ఒక దారి, నేనొక దారి. అప్పుడు మా బ్యాండు మాస్టరు గారు, పెద్దాయన, పోయారు పాపం, అందరి ముందు తిట్టలేదు గానీ టీ తాగేటప్పుడు అన్నాడు, "ఇంట్లో పాలకి గేదె ఉంది కదరా, దున్నడానికి ఎద్దు కావాలి. నువ్వు ఇంకో గేదెను తోలుకొచ్చావు" అని.

ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. రెండో టూబా అంటే మొదటిది చేయలేని పని చేసేది. మొదటిదాని కంటే పెద్దది కాదు, మెరిసేది కాదు. సరే, మొదటిది ఏ పని చేయలేదో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి కదా. పది నిమిషాలు లెక్కలు చెబుతాను, నిద్రపోకండి.

టూబా కొత్త వాయిద్యమే, తెలుసా? మన నాదస్వరంతో పోలిస్తే పసిపిల్ల. 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్ అనే బ్యాండు మాస్టరు, మోరిట్జ్ అనే తయారీదారు కలిసి పేటెంటు తీసుకున్నారు. ఆ మొదటి టూబా ఏ శ్రుతిలో ఉందో చెప్పండి? బి ఫ్లాట్ అంటారు అందరూ. కాదు, ఎఫ్. మొదట పుట్టింది ఎఫ్ టూబా, అంటే ఇప్పుడు మనం రెండోది అనుకునేదే మొదటిది.

ఇప్పుడు టూబాలు ప్రధానంగా నాలుగు శ్రుతుల్లో దొరుకుతాయి. డబుల్ బి ఫ్లాట్ గొట్టం మొత్తం విప్పి సాగదీస్తే సుమారు 18 అడుగులు. సి అయితే 16. ఈ ఫ్లాట్ 13, ఎఫ్ 12. గొట్టం పొడుగు పెరిగితే శ్రుతి కిందికి పోతుంది, అంతే సూత్రం. వాల్వు నొక్కితే ఏమవుతుంది? లోపల ఒక అదనపు గొట్టం కలుస్తుంది, పొడుగు పెరుగుతుంది, శ్రుతి దిగుతుంది. రెండో వాల్వు అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర.

ఇక్కడే మూడు వాల్వుల టూబాకి ఒక పుట్టు లోపం ఉంది. డబుల్ బి ఫ్లాట్ తీసుకోండి, 18 అడుగులంటే 216 అంగుళాలు. మొదటి వాల్వు గొట్టం లెక్క ప్రకారం 26 అంగుళాల చిల్లర ఉండాలి. మూడోది దాదాపు 41. రెండూ కలిపి నొక్కితే 67. కానీ ఆ కింది స్వరం, అంటే మన తక్కువ ఎఫ్, సరిగ్గా పలకాలంటే ఎంత కావాలి? 72 అంగుళాలు. అయిదంగుళాలు తక్కువొచ్చింది. ఎందుకు తక్కువొచ్చింది? ఎందుకంటే మొదటి వాల్వు గొట్టాన్ని ఖాళీ టూబా పొడుగును బట్టి కోశారు, మూడో వాల్వు నొక్కాక టూబా పొడుగైపోయింది కదా, పొడుగైన టూబాకి ఆ ముక్క చాలదు. ఆరడుగుల మనిషికి అయిదడుగుల మనిషి కొలతతో చొక్కా కుట్టినట్టు. మూడు వాల్వులూ కలిపి నొక్కితే లోటు తొమ్మిదంగుళాలు దాటుతుంది. అందుకే మీరు కిందికి దిగేకొద్దీ శ్రుతి పైకి తేలిపోతుంది. మాస్టరు మిమ్మల్ని తిడతాడు, మీరు పెదవి వదులు చేసి ఎలాగో కిందికి లాగుతారు. తప్పు మీది కాదు నాన్నా, లెక్కది.

నాలుగో వాల్వు ఎందుకంటే ఇందుకే. మొదటిది, మూడోది కలిపి నొక్కే బదులు ఒక్కటే నొక్కు, దానికి ఆ 72 అంగుళాలు ముందే పెట్టేశారు. దానికీ ఒక చిక్కుంది, నాలుగోది నొక్కాక మళ్ళీ మిగతావి చిన్నవైపోతాయి. దానికి 1874లో ఇంగ్లండులో బ్లెయిక్లీ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నాలుగోది నొక్కినప్పుడు గాలి మళ్ళీ వాల్వుల్లోంచి రెండోసారి తిరిగి, తగ్గినంత గొట్టాన్ని తనే కలుపుకుని వెళుతుంది. దాన్నే కాంపెన్సేటింగ్ అంటారు. బరువెక్కువ, ధరెక్కువ, కింది స్వరాలు మాత్రం శ్రుతిలో నిలుస్తాయి.

అర్థమైందా? అర్థం కాకపోతే మళ్ళీ చెబుతా. సరే, తలలూపుతున్నారు, నమ్ముతున్నా.

అయితే రెండోది ఏ శ్రుతిది కొనాలి? ఇంటర్నెట్టులో చూస్తే ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతాడు. అమెరికా వాళ్ళు సి టూబా కొనమంటారు, ఎందుకంటే వాళ్ళ ఆర్కెస్ట్రాల్లో అదే అలవాటు. జర్మనీ వాళ్ళు పెద్దదానికి డబుల్ బి ఫ్లాట్, చిన్నదానికి ఎఫ్ అంటారు, అది వాళ్ళ ఆచారం. బ్రిటిష్ వాళ్ళు ఈ ఫ్లాట్ అంటారు. ఎవరి పెళ్ళికి వాళ్ళ మంత్రాలు. మనం ఎక్కడున్నాం? గుంటూరులో ఉన్నాం. మన చర్చి బ్యాండులు, బాపట్ల నిడుబ్రోలు వైపు సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ బ్యాండులు, పోలీసు బ్యాండులు, ఇవన్నీ ఏ దారిలో వచ్చాయి? బ్రిటిష్ దారిలో. కాబట్టి నా అభిప్రాయం అడిగితే, మీ దగ్గర డబుల్ బి ఫ్లాట్ ఉంటే రెండోది ఈ ఫ్లాట్ కొనండి. నాలుగు వాల్వులది, చేయగలిగితే కాంపెన్సేటింగ్.

దీనికి ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తట్టదు. కాగితం మీద స్వరాలు రాసే పద్ధతులు ట్రెబుల్ క్లెఫ్, బేస్ క్లెఫ్ అని ఉన్నాయి కదా, మీలో చాలామంది ట్రెబుల్ క్లెఫ్‌లో చదువుతారు, అవునా? బ్రిటిష్ బ్రాస్ బ్యాండు పద్ధతి అది. ఆ పద్ధతిలో కాగితం మీద ఒక స్వరం కనిపిస్తే కార్నెట్టువాడు, ఈ ఫ్లాట్ వాడు, డబుల్ బి ఫ్లాట్ వాడు, ముగ్గురూ అవే వేళ్ళు నొక్కుతారు. పలికే శ్రుతి మారుతుంది, వేళ్ళు మారవు. అంటే మీరు ఈ ఫ్లాట్ ఎత్తుకున్న మొదటి రోజే మీ పాత పాఠం వాయించగలరు. అదే బేస్ క్లెఫ్‌లో చదివేవాడైతే ప్రతి టూబాకీ వేళ్ళు కొత్తగా నేర్చుకోవాలి. ఆర్కెస్ట్రా వైపు వెళదామని ఉన్నవాళ్ళు ఆ కష్టం పడక తప్పదు, బేస్ క్లెఫ్ ఇప్పుడే మొదలుపెట్టండి. పరీక్షల సంగతి అడిగారు ఇందాక, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ సంగీత పరీక్షల బోర్డు పెట్టే టూబా గ్రేడులకి ఈ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్, సి ఏదైనా ఒప్పుకుంటారు, దానికోసం వేరే టూబా కొననక్కర్లేదు.

ఎఫ్ టూబా సంగతి చెప్పమంటారా? బాగుంటుంది. పై స్వరాల్లో తేనెలా పలుకుతుంది. జర్మన్ రోటరీ ఎఫ్ మాత్రం కింది సి దగ్గర తడి బియ్యప్పిండిలా జారిపోతుంది, ఎంత ఊదినా గట్టిగా నిలబడదు, దాన్ని లొంగదీసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. విద్యార్థికి ఎందుకు ఆ తలనొప్పి.

ఊరేగింపులే మీ పని అయితే రెండోది సూసాఫోన్ కావచ్చు, తప్పేం లేదు. సూసా అనే బ్యాండు మాస్టరు అడిగితే 1890ల్లో చేశారు దాన్ని, భుజానికి తగిలించుకుని నడవడానికి. కానీ అదీ సాధారణంగా డబుల్ బి ఫ్లాటే, కాబట్టి అది రెండో గేదే, కాకపోతే నడిచే గేదె. ఇత్తడిదైతే బరువు పది కిలోలు సులువుగా దాటుతుంది, ఫైబర్‌ది తేలిక.

ఈ అమ్మాయి ఏదో అడుగుతోంది. ఏంటమ్మా? త్రీ ఫోర్త్ టూబా కొంటే స్వరం పైకి వస్తుందా? మంచి ప్రశ్న. రాదు. త్రీ బై ఫోర్, ఫోర్ బై ఫోర్, సిక్స్ బై ఫోర్ అనేవి శ్రుతి కాదు, ఒళ్ళు. త్రీ బై ఫోర్ డబుల్ బి ఫ్లాట్‌లో కూడా గొట్టం అదే 18 అడుగులు, గొట్టం సన్నగా ఉంటుంది, బెల్లు చిన్నది, బరువు తక్కువ. యమహాలో వై.బి.బి 105 అలాంటిదే, మూడు వాల్వులది. నీలాంటి చిన్నపిల్లకి మొదటి టూబాగా చాలా మంచిది. సిక్స్ బై ఫోర్ అంటే ఏనుగు, దాన్ని పోషించాలంటే వెనక వంద మంది ఆర్కెస్ట్రా ఉండాలి. మన హాల్లో వాయిస్తే కిటికీలు అదురుతాయి గానీ పాట వినపడదు.

సరే. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, మౌత్‌పీస్.

సన్నాయి వాళ్ళని చూశారా ఎప్పుడైనా దగ్గరగా? వాయిద్యం పక్కన ఒక గుత్తి వేలాడుతుంది, నోట్లో పెట్టుకునే పీకలు అందులో నాలుగైదు ఉంటాయి. వాళ్ళకి సన్నాయి కంటే ఆ పీకల మీద ప్రాణం. తడిపి, ఊది చూసి, ఇది ఈ రోజు పలకదు అని పక్కన పెట్టి, ఇంకోటి తీస్తారు. శ్రుతి పీక దగ్గరే పుడుతుందని వాళ్ళకి తెలుసు. మన బ్యాండువాళ్ళమేమో ఎవడిదో పీక నోట్లో పెట్టుకుని వాయిద్యం బాగోలేదంటాం.

మౌత్‌పీస్‌లో నాలుగు చోట్లున్నాయి చూడాల్సినవి. ఇదిగో, చేతిలో పట్టుకోండి, అందరూ తిప్పి తిప్పి చూడండి, కింద పడేయకండి. పెదవికి తగిలే అంచు రిమ్ము. లోపల గిన్నె కప్పు. గిన్నె అడుగున రంధ్రం, దాన్ని గొంతు అనండి, 8 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. టూబాలో దిగేది కాడ, షాంక్ అంటారు.

మొట్టమొదట కాడ. నా సిగరెట్ కాగితం కథ ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలుస్తుంది. టూబా కాడలు మూడు రకాలు. పాత బ్రిటిష్ టూబాలకి సన్న కాడ. ఎక్కువ టూబాలకి అమెరికన్ స్టాండర్డ్ కాడ, చివర సుమారు 13 మిల్లీమీటర్లు. జర్మన్ వైపు టూబాలు చాలావాటికి యూరో కాడ, అది సుమారు 14. ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటారు. ఆ ఒక్క మిల్లీమీటరే మౌత్‌పీస్‌ని బాగా లోపలికి దింపుతుంది, లేదా బయటే నిలబెడుతుంది. రెండూ శ్రుతిని పాడుచేస్తాయి. కాబట్టి పాత టూబా కొనేటప్పుడు మొదటి ప్రశ్న ధర కాదు, కాడ ఏది? రెండు టూబాలకీ ఒకే కాడ అయితే మీ అదృష్టం.

ఇప్పుడు సైజు. గిన్నె వెడల్పు ఉదాహరణకి, బాక్ కంపెనీది 24ఏడబ్ల్యూ అని ఒకటుంది, విద్యార్థుల చేతిలో ఎక్కువగా కనిపించేది అదే, దాని గిన్నె 31 మిల్లీమీటర్ల చిల్లర. బాక్ 18 అయితే 32న్నర దాటుతుంది. చూశారా, అంకె పెద్దదైతే గిన్నె చిన్నది! బాక్ లెక్క అలా తలకిందులు. ఒకడు "సార్, 24 కొన్నా, 18 కంటే పెద్దది" అని గర్వంగా వచ్చాడు నా దగ్గరికి. ఏం చెప్పను? ఇంకో కంపెనీవాడి అంకెలు ఇంకో రకం, అంకెల్ని నమ్మకండి, మిల్లీమీటర్లు చూడండి.

హెల్లెబర్గ్ రకం అని వింటారు. ఆగస్ట్ హెల్లెబర్గ్ అనే ఆయన సూసా బ్యాండులో వాయించినవాడు, ఆయన పేరుతో కాన్ కంపెనీ చేసిన మౌత్‌పీస్. దాని లోపల గిన్నెలా ఉండదు, గరాటులా ఉంటుంది, లోతుగా దిగిపోతుంది. స్వరం వెడల్పుగా, ముదురుగా వస్తుంది, డబుల్ బి ఫ్లాట్‌కి చాలామంది అదే వాడతారు. గిన్నె ఆకారంలో గుండ్రంగా ఉండేదైతే స్వరం కొంచెం స్పష్టంగా, నాలుక దెబ్బ చురుగ్గా వినిపిస్తుంది. ఈ ఫ్లాట్, ఎఫ్ లాంటి చిన్నవాటికి లోతు తక్కువది సరిపోతుంది. లోతైన గరాటుని ఈ ఫ్లాట్‌కి తగిలిస్తే అది డబుల్ బి ఫ్లాట్‌లా నటించబోయి రెండిటికీ చెడుతుంది.

పెద్ద గిన్నె పెడితే కింది స్వరాలు వాటంతటవే వస్తాయని ఒక భ్రమ ఉంది, దీన్ని ఈ రోజుతో వదిలేయండి. స్వరం పుట్టేది మీ పెదవి అదురులో. కండ బలం లేకుండా పెద్ద గిన్నె తెచ్చుకుంటే అరగంటకే పెదవి తేలిపోయి ఊపిరంతా అందులో కారిపోతుంది. నేను విద్యార్థికి మధ్య సైజుతో మొదలుపెట్టమంటా. రిమ్ము సంగతి కూడా అంతే, వెడల్పు రిమ్ము మీద పెదవి ఎక్కువసేపు ఆగుతుంది, సన్న రిమ్ము మీద చురుగ్గా కదులుతుంది. ఊరేగింపుల్లో మూడు గంటలు ఊదేవాడికి కొంచెం వెడల్పే మంచిది.

రెండు టూబాలు వాయించేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నా. రెండు మౌత్‌పీస్‌లు కొన్నా, రిమ్ము మాత్రం ఒకేలాంటిది చూసుకోండి. గిన్నె లోతు మారనివ్వండి, కాడ మారనివ్వండి, పెదవికి తగిలే చోటు మాత్రం మారకూడదు. అప్పుడు పెదవి ప్రతిసారీ కొత్త ఇల్లు వెతుక్కోదు.

ఎలా ఎంచుకోవాలి? కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా. కొత్త మౌత్‌పీస్ పెట్టిన మొదటి పది నిమిషాలు అద్భుతంగా ఉంటుంది, ఎప్పుడూ రాని స్వరం వస్తుంది. నమ్మకండి. మూడో రోజు పాత అలవాట్లన్నీ తిరిగొస్తాయి, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. కనీసం రెండు వారాలు దాంతోనే ఉండండి. ఇంకోటి, మీ చెవికి వినపడేది వేరు, ముప్పై అడుగుల దూరంలో వినపడేది వేరు. ఒక స్నేహితుణ్ణి హాలు చివర వెనక్కి తిరిగి కూర్చోమని, ఏది పెట్టుకున్నారో చెప్పకుండా రెండూ వాయించి, ఏది బాగుందో వాణ్ణి అడగండి. నా శిష్యుడొకడు ఖరీదైనదానికి ముచ్చటపడ్డాడు, వెనక కూర్చున్న ముగ్గురూ పాతదే బాగుందన్నారు. వాడి ముఖం చూడాలి అప్పుడు.

వెండి పూత పోయి పసుపు ఇత్తడి బయటపడ్డ మౌత్‌పీస్ మాత్రం వాడకండి, పెదవి దురద పెడుతుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, లోపలికి దూరే చిన్న బ్రష్షు, అంతే. టూబాలో ఇరుక్కుపోతే సుత్తి ఎత్తకండి, దయచేసి ఎత్తకండి. దాన్ని లాగడానికి వేరే పరికరం ఉంటుంది, నా దగ్గర ఒకటి ఉంది, తీసుకురండి, డబ్బులడగను.

మౌత్‌పీస్ కుదిరింది, ఆరు నెలలు గడిచాయి, డబ్బులు కూడబెట్టారు, ఇప్పుడు టూబా చూడ్డానికి వెళుతున్నారు. మీరట్‌లో జాలీ కోఠీ అని బజారుంది, బ్యాండు వాయిద్యాలకి దేశంలో పేరున్న చోటు, మన పెళ్ళి బ్యాండుల్లో చాలా వాయిద్యాలు అక్కడివే. అక్కడ చూడండి, పాత యమహా, పాత బెసన్ ఎవరైనా అమ్ముతుంటే చూడండి. ఎక్కడైనా సరే, మీ మౌత్‌పీస్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు కాఫీ తాగి రాకండి, ఊది చూడండి.

ఒక్కో వాల్వు స్లైడు, అంటే లాగితే జారే గొట్టం, మెల్లగా బయటికి లాగండి, వాల్వు నొక్కకుండా. ఊడిపోకుండా కొంత లాగి ఆపి, అప్పుడు వాల్వు నొక్కితే 'టప్' మని శబ్దం రావాలి. రాకపోతే గాలి వాల్వు పక్కనుంచే కారిపోతోందని అర్థం, వాల్వు అరిగిపోయింది, ఎంత తక్కువకిచ్చినా వద్దు. బెల్లు మీద సొట్టలు చూసి భయపడకండి, అవి ముఖం మీద మచ్చల్లాంటివి. మౌత్‌పీస్ దిగే మొదటి గొట్టం చూడండి, అక్కడ సన్నం కదా, చిన్న సొట్టయినా గాలి దారి మారిపోతుంది. ఆ గొట్టం మీద ఎర్రగా, గులాబీ రంగులో చుక్కలుంటే ఇత్తడిలోని జింకు పోయిందని అర్థం, రేపో మాపో చిల్లు పడుతుంది.

తర్వాత ఫోన్‌లో శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి, వాల్వేదీ నొక్కకుండా కింది నుంచి పైకి వాయించండి. ఖాళీ గొట్టంలో పుట్టే స్వరాల్లో అయిదోది ఏ టూబాలోనైనా పుట్టుకతోనే 14 సెంట్లు తక్కువ, దానికి తిట్టకండి. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. మిగతావి ఎటుపోతున్నాయో చూడండి. మీరు ట్యూనర్ వైపు చూస్తూ వాయిస్తే పెదవే మోసం చేసి సర్దేస్తుంది, కాబట్టి కళ్ళు మూసుకుని ఊదండి, స్వరం నిలిచాక పక్కవాణ్ణి చూడమనండి.

మన ఊరి ఎండ సంగతి కూడా లెక్కలో ఉండాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. ఏసీ హాల్లో 24 డిగ్రీలు, బయట మే నెల బెజవాడ రోడ్డు మీద 42, తేడా 18 డిగ్రీలు, అంటే లెక్కకి 50 సెంట్ల పైన, అర స్వరంలో సగం! లోపల మన ఊపిరి కూడా ఉంటుంది కాబట్టి అంత రాదు, కానీ వస్తుంది. అందుకని ప్రధాన స్లైడు ఎంత బయటికి వస్తుందో చూడండి. 440కి, అంటే అందరూ శ్రుతి కలిపే ఏ స్వరానికి, శ్రుతి కుదిరినప్పుడు ఆ స్లైడు పూర్తిగా లోపలికి ఉంటే ఏసీ హాల్లో చిక్కు, పూర్తిగా బయటికి ఉంటే ఎండలో చిక్కు. మధ్యలో ఉండాలి.

వాల్వు పిస్టనా, అంటే పైకి కిందికి కదిలేదా, రోటరీయా, అంటే గుండ్రంగా తిరిగేదా అని అడుగుతారు. రోటరీ మృదువుగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పాడైతే ఇక్కడ ఎవరు బాగుచేస్తారు? పిస్టన్ అయితే మీరే విప్పుకుని, తుడుచుకుని, నూనె వేసుకోవచ్చు. నూనె అంటే వాల్వు ఆయిల్, కొబ్బరినూనె కాదు! నవ్వకండి, ఇక్కడే ఒకరు వేశారు, జనవరిలో గడ్డకట్టి వాల్వు కదల్లేదు. ఇంట్లో అమ్మలు ఇత్తడి బిందెని తోమినట్టు చింతపండు పెట్టి టూబా తోమడం కూడా మానేయండి. బిందె మందం వేరు, వాల్వు పక్కన గొట్టం మందం వేరు, పైన లక్క పూత ఉంటే అదీ పోతుంది.

నా ఆ పెద్ద రోటరీ గేదె ఏమైందని అడిగాడు ఒకడు ఇందాక. ఏడేళ్ళు ఇంట్లో మూల నిలబడింది. చివరికి కొన్నదాంట్లో మూడో వంతుకి అమ్మి, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి పాత ఈ ఫ్లాట్ కొన్నా. అదే ఇదిగో, ఈ సొట్టలది, ఇప్పటికీ ఇదే వాయిస్తున్నా. అమ్మ గాజులు మాత్రం విడిపించాను, అది ముందే చేశా.

సరే, చాలా మాట్లాడేశా. ఆ బల్ల మీద మూడు మౌత్‌పీస్‌లు పెట్టా, ఒకటి మధ్య సైజు గిన్నె, ఒకటి గరాటు, ఒకటి లోతు తక్కువది. పక్కన సబ్బు నీళ్ళ గిన్నె ఉంది, ఒకరు ఊదాక కడిగి ఇంకొకరికి ఇవ్వాలి, తుడిచి ఇస్తే కుదరదు. ముందు రెండో వరుస రండి. నువ్వు కాదురా, నీకు సొంతది ఉందన్నావుగా, నువ్వెళ్ళి హాలు చివర అటు తిరిగి కూర్చో, ఏది బాగుందో నువ్వే చెప్పాలి.